ఎకరాకు ఎంతో తెలుసు, కుండీకి ఎంత? నగర ఉద్యాన శిక్షకుల గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉద్యాన శాఖ సంచాలకులకు, ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పురపాలక శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ మిద్దెల మీద, బడి ఆవరణల్లో, అపార్ట్‌మెంట్లలో కూరగాయలు పెంచడం నేర్పే పనిలో ఉన్నవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. ఈ పనిని వృత్తిగా గుర్తించండి. దానికో పేరు, చదువు, పరీక్ష, జీతం ఏర్పాటు చేయండి. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లున్నారు, చేయించుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. కానీ ఏ శాఖ లెక్కల్లోనూ ఈ మనిషి లేడు.

రైతులకు సాగు సలహాలు అందించే మన విస్తరణ వ్యవస్థ అంతా ఎకరం మీద నిలబడి ఉంది. ప్రతి 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు, దానికో రైతు వేదిక, ఒక వ్యవసాయ విస్తరణాధికారి. ఊళ్లలో రైతుకు అది ఎంతో మేలు చేసింది. కానీ ఎకరాలు లేని చోట ఆ లెక్క ప్రకారం మనిషీ ఉండడు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోనూ గ్రామ సచివాలయానికి ఉద్యాన సహాయకుల్ని ఇచ్చారు, వార్డు సచివాలయానికి ఇవ్వలేదు. కేరళలో మాత్రం పంచాయతీలతో పాటు పురపాలికలు, నగరపాలికల్లో కూడా కృషి భవన్‌లు, అంటే వ్యవసాయ శాఖ స్థానిక కార్యాలయాలు, ఉన్నాయి. కాబట్టి ఇది కుదరని పనేమీ కాదు.

ఎకరం లెక్క మనుషుల దగ్గరే ఆగలేదు. సిఫారసులన్నీ ఎకరాకే ఉన్నాయి. టమాటాకు ఎకరాకు 8 టన్నుల పశువుల ఎరువు అని చదివిన ఒక గృహిణి తన 12 అంగుళాల గ్రో బ్యాగుకు ఎంత వేయాలని అడుగుతారు. భాగహారం చేస్తే చదరపు మీటరుకు 2 కిలోలు, ఆ బ్యాగు మూతి వైశాల్యానికి 150 గ్రాములు. అంటే రెండు మూడు గుప్పెళ్లు. అంతే వేస్తే మూడో వారానికే మొక్క ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. చేలో టమాటా వేరు అటూ ఇటూ, కిందికీ పోయి వెతుక్కుంటుంది. బ్యాగులో దానికి దొరికేది 18 లీటర్ల మట్టి మిశ్రమం మాత్రమే. పైగా రోజూ పోసే నీళ్లతో పోషకాలు అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంటాయి. అందుకని బ్యాగు పరిమాణంలో నాలుగో వంతో మూడో వంతో బాగా చివికిన ఎరువు మొదట్లోనే కలపాలి. ఆపైన పూత మొదలైనప్పటి నుంచి పదిహేను ఇరవై రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు పైన వేసి మట్టితో కప్పాలి. ఇది భాగహారంతో వచ్చే జవాబు కాదు. కుండీలో వేరు ఎలా బతుకుతుందో తెలిసినవాళ్లు చెప్పాల్సిన జవాబు.

మందుల విషయంలో ఈ తేడా ఇంకా ప్రమాదం. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు అని అందరికీ నోటికి వచ్చు. అది 1500 పీపీఎం వేపనూనెకు చెప్పిన మోతాదు (నూనెలో పురుగును అడ్డుకునే పదార్థం ఎంత గాఢంగా ఉందో పీపీఎం చెబుతుంది). బజారులో 10,000 పీపీఎంది కూడా అలాంటి సీసాలోనే దొరుకుతుంది, దానికి లీటరుకు 1 మిల్లీలీటరు చాలు. రెండిటికీ తేడా చెప్పేవాళ్లు లేక, అరలీటరు స్ప్రే సీసాలో ఒక మూతెడు పోసి, మిట్ట మధ్యాహ్నం కొట్టి, మర్నాటికి ఆకులు మాడిపోతే ‘తెగులు ముదిరింది’ అని మళ్లీ కొడతారు. కూరగాయలపై వాడకాన్ని ఎన్నడో నిషేధించిన మోనోక్రోటోఫాస్‌ను ఇంటి వంకాయల మీద కొట్టిన సందర్భాలు కూడా మాకు ఎదురయ్యాయి. డబ్బా మీది త్రికోణంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషం తీవ్రతను చెబుతాయని, ఎరుపు అన్నిటికంటే తీవ్రమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లలు ఆడుకునే మిద్దె అది.

కాబట్టి నగర ఉద్యాన శిక్షకుడికి ఏం తెలిసి ఉండాలో కొంచెం వివరంగా రాస్తాం. మొక్కలంటే ఇష్టం ఉంటే చాలు, ఎవరైనా నేర్పొచ్చు అనే అభిప్రాయం మీ శాఖల్లో కూడా ఉంది. అది సరికాదు.

మొదట శ్లాబు. మనుషులు ఎక్కి తిరిగే చదును పైకప్పుకు భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ఇచ్చిన లెక్క చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. ఒక 12 అంగుళాల బ్యాగును ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు సమానంగా కలిపి నింపి నీళ్లు పోస్తే 20 కిలోలు దాటుతుంది. ఉత్త ఎర్రమట్టితో నింపితే 33 కిలోల దాకా తూగుతుంది. చదరపు మీటరులో అలాంటివి తొమ్మిది పడతాయి. ఖాళీ లేకుండా పేరిస్తే తేలిక మిశ్రమంతోనే 180 కిలోలు దాటింది, మనిషి బరువు ఇంకా కలపలేదు. ఇక ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టి తడిమట్టి నింపితే చదరపు మీటరుకు 500 కిలోల పైమాటే. ఇది తెలిసిన శిక్షకుడు మిద్దె ఎక్కగానే మొక్కల వైపు చూడడు. కింది గదిలోకి వెళ్లి దూలాలు ఎక్కడెక్కడ పోతున్నాయో, పైకప్పులో బీటలూ చెమ్మా ఉన్నాయో చూస్తాడు. బరువైన కుండీల్ని పిట్టగోడ పక్కన, దూలాల నెత్తిన పెట్టిస్తాడు. శ్లాబు మధ్యలో ఆకుకూరల తొట్లు, నడిచే దారి వదులుతాడు. ప్రతి కుండీ కింద రెండంగుళాల ఎత్తున ఇటుక ముక్కలో స్టాండో పెట్టి గాలి ఆడేలా చేస్తాడు. పాత ఇల్లయితే, లేదా పెద్ద మడులు కట్టాలంటే, ‘స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా వద్దు’ అని గట్టిగా చెబుతాడు. ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి, వెనక ఒక హోదా కావాలి.

తర్వాత మట్టి మిశ్రమం. ఇక్కడ ఒక్క కాయను దగ్గర నుంచి చూపిస్తాం, ఎందుకంటే నగరంలో మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. టమాటా పచ్చికాయ నిమ్మకాయంత అయ్యాక దాని అడుగున, పూవు రాలిన చోట, నీరు పట్టినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. నాలుగైదు రోజుల్లో అది గోధుమ రంగుకు, తర్వాత నల్లగా, తోలులా మారి లోపలికి అణిగిపోతుంది. మొక్క మాత్రం పచ్చగా, ఏపుగా ఉంటుంది. చూసినవాళ్లు శిలీంద్రమనుకుని మందు కొడతారు. కొందరు ‘కాల్షియం లోపం’ అని విని గుడ్డు పెంకులు నలిపి వేస్తారు. పెంకు కరిగి వేరుకు అందడానికి నెలలు పడుతుంది, ఆలోగా కాపు అయిపోతుంది.

నిజానికి ఇది కాయకు కాల్షియం చేరకపోవడమే. అయితే చాలాసార్లు మట్టిలో అది లేక కాదు. కాల్షియం నీటితో పాటే మొక్కలో పైకి కదులుతుంది. ఎక్కువ నీరు ఆవిరయ్యే ఆకులకే ఎక్కువ పోతుంది, కాయకు తక్కువ దక్కుతుంది. ఉదయం పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆరిపోయి బ్యాగు ఎండి, సాయంత్రం మళ్లీ ముంచెత్తితే ఆ కాస్త సరఫరా కూడా తెగుతుంది. దీనికి తోడు కడగని కొబ్బరి పొట్టు. అందులో ఉండే సోడియం, పొటాషియం లవణాలు ఉన్న కాల్షియాన్ని కూడా వేరుకు అందకుండా చేస్తాయి. 5 కిలోల కోకోపీట్ దిమ్మె నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. దాన్ని అలాగే వాడకుండా రెండు మూడు సార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి. వీలైతే కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి మళ్లీ కడగాలి. నీళ్లలో లవణాలను కొలిచే ఈసీ మీటరు ఉంటే కడిగిన నీళ్లలో ఒకటి (మిల్లీసీమెన్స్/సెం.మీ.) కంటే తక్కువ చూపాలి. ఆపైన కుండీ మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పాలి. ఏప్రిల్‌లో ఎదిగిన టమాటా రోజుకు రెండు లీటర్ల దాకా తాగుతుంది కాబట్టి నీటిని రెండు పూటలకు పంచాలి. తర్వాతి పంటకు 15 అంగుళాల బ్యాగుకు మారాలి. మచ్చ పడిన కాయ బాగుపడదు, తీసేయాలి. కొత్త పిందెలు శుభ్రంగా వస్తాయి. ఈ వరస అంతా చెప్పగలిగినవాడు శిక్షకుడు. ‘కాల్షియం కొట్టండి’ అనేవాడు సగమే చెప్పినట్టు.

తీగ కూరల దగ్గర ఇంకో రకం పొరపాటు, ఇది నేర్పేవాళ్ల పొరపాటు. అయిదో అంతస్తు మిద్దెకు తేనెటీగలు తక్కువగా వస్తాయి కాబట్టి పరాగసంపర్కం చేత్తో చేయించాలి. అక్కడిదాకా అందరూ చెబుతారు. ‘పొద్దున్నే చేయండి’ అని కూడా అందరూ చెబుతారు. కాకర, దోస, గుమ్మడికి అది సరే, వాటి పూలు తెల్లవారి విచ్చుకుంటాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్న చూసేసరికి అవి వాడిపోయి ఉంటాయి. బీరకు సాయంత్రం ఆరు ప్రాంతంలో మిద్దె ఎక్కాలి. అప్పుడే విచ్చుకున్న మగపూవును కోసి, రేకులు వెనక్కి తుంచి, మధ్యలోని పసుపు పుప్పొడి వేలికి అంటుతోందో లేదో చూసి, రేకుల కింద చిన్న పిందె ఉన్న ఆడపూవు నడిమి భాగానికి మెల్లగా రాయాలి. ఒక మగపూవు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అందకపోతే పిందె మూడు నాలుగు రోజుల్లో పసుపు పచ్చబడి ముడుచుకుని రాలుతుంది. ఇల్లు గలవాళ్లు దాన్ని పండు ఈగ అనుకుని మందు వెతుక్కుంటారు. తొలి పది పదిహేను రోజులు మగపూలే వస్తాయని ముందే చెబితే సగం మంది దిగులు తీరుతుంది.

నీళ్ల గురించి కూడా నగరానికి ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకు పోస్తారు. ఆ నీళ్లలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. రెండు మూడు నెలల్లో ఆకుల అంచులు కాలినట్టు ఎండి, కుండీ పైన తెల్లటి పొర కడుతుంది. అవి నేల కడగడానికి వాడుకోవాలి. అలాగే కుండీ కింద పళ్లాల్లో నిలిచిన నీరు డెంగీ దోమకు నిలయం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ప్రతి పళ్లెం బోర్లించి ఆరబెట్టాలి. మిద్దె తోటలు పెంచమని ఒక విభాగం, నీళ్లు నిల్వ ఉన్నాయని నోటీసు ఇచ్చేది ఇంకో విభాగం అయినప్పుడు, ఈ ఒక్క అలవాటు నేర్పే మనిషే రెండిటికీ పనికొస్తాడు.

ఇదంతా ఇప్పుడు ఎలా నేర్పుతున్నాం? ఒక్క రోజు శిక్షణ, ఒక పవర్‌పాయింట్, భోజనం, చేతికో కిట్. కిట్‌లో ఆరు రకాల విత్తనాలు, నాలుగు బ్యాగులు, ఒక వేపనూనె సీసా. ఎండాకాలం మొదట్లో ఇచ్చిన కిట్‌లో పాలకూర విత్తనాలుంటాయి. పగలు 35 డిగ్రీలు దాటాక టమాటా పూత నిలవదు, అప్పుడు టమాటా నారు ఇస్తారు. మొదటి పంట చేతికి రాకపోతే మనిషి తన చేతివాసి మంచిది కాదనుకుని మానేస్తాడు. శాఖ రిజిస్టరులో మాత్రం ఆ ఇల్లు ‘లబ్ధిదారు’గానే ఉంటుంది. కిట్ మీద పెట్టే ఖర్చులో సగం, శిక్షకుడు మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లి రావడానికి పెట్టినా తోట నిలబడుతుంది. విత్తిన పదో రోజుకు ఒకసారి, పూతకు ఒకసారి, మొదటి తెగులు కనిపించినప్పుడు ఒకసారి.

ఆ లెక్క కూడా వేసి చూపిస్తాం. ఒక సందర్శనకు నలభై నిమిషాలు, ప్రయాణం వేరు. నగర రద్దీలో రోజుకు అయిదు ఇళ్ల కంటే కుదరదు. నెలకు 20 రోజులు తిరిగితే నూరు సందర్శనలు, నాలుగు నెలల పంటకాలానికి నాలుగు వందలు. ఇంటికి మూడు చొప్పున ఒక శిక్షకుడు ఒక కాలంలో 130 ఇళ్లను చూడగలడు. మిగిలిన రోజుల్లో బడి తోటలు, అంగన్‌వాడీలు, ఆదివారం సామూహిక తరగతులు. వార్డుకు ఒక్కరు అంటే ఇదీ ఆ ఒక్కరి శక్తి. వెయ్యి ఇళ్లు రాసి చేతిలో పెడితే అది ఫోన్లో ఫొటోలు పంపించుకునే పనిగా మారిపోతుంది.

మరి ఆ శిక్షకుణ్ణి ఎలా తయారుచేయాలి? ములుగు విశ్వవిద్యాలయం ఒక ధ్రువపత్ర కోర్సు పెట్టాలి. వారానికి ఒక రోజు, జూన్‌లో మృగశిర కార్తెతో మొదలుపెట్టి వచ్చే ఏప్రిల్ చివరి దాకా. ఒక్క రోజు శిక్షణలో ఏ మొక్కా చావదు. పదకొండు నెలల్లో వానకు వేరుకుళ్లు వస్తుంది, చలికి బూడిద తెగులు, పేనుబంక వస్తాయి, ఎండకు నల్లి, పిండినల్లి వస్తాయి. అన్నీ సొంత చేతుల్లో చూసినవాళ్లే ఇంకొకరికి నేర్పగలరు. సుమారు 45 రోజుల్లో పది రోజులు తరగతి గది చాలు, మిగిలినవన్నీ మిద్దె మీదే. ప్రతి అభ్యర్థీ ఇరవై కుండీల తోటను కోర్సు పొడుగునా నడపాలి, రోజూ పోసిన నీరు, వేసిన ఎరువు, కోసిన కూర తూకం రాసిపెట్టాలి.

పరీక్ష కాగితం మీద వద్దు. పది జబ్బు కుండీలు వరసగా పెట్టండి. ఒకదానిలో అడుగు రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఒకదానిలో తామర పురుగులు, ఒకదానిలో ఎరువు ఎక్కువై మాడిన వేళ్లు, ఇంకొకదానిలో కూల్చిన ఇంటి సున్నం కలిసిన మట్టి. ఏది ఏమిటో, ఎలా గుర్తించాడో, ఏం చేయకూడదో చెప్పాలి. తర్వాత ఒక ఎకరం సిఫారసు ఇచ్చి అరలీటరు సీసాకు మార్చమనండి. చివరగా, ఎన్నడూ విత్తనం పట్టని పదిమందిని కూర్చోబెట్టి వాళ్ల భాషలో అరగంట చెప్పమనండి. హైదరాబాద్‌లో అది తెలుగు కావచ్చు, దక్కనీ ఉర్దూ కావచ్చు. మొక్క తెలిసి మాట రానివాళ్లూ, మాట వచ్చి మొక్క తెలియనివాళ్లూ ఇద్దరూ అప్పుడు బయటపడతారు.

ఈ కోర్సుకు మనుషుల కొరత ఉండదు. ఉద్యాన పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా చేసిన పిల్లలు ఏటా బయటికి వస్తున్నారు. చాలామంది ఎరువుల, మందుల కంపెనీల అమ్మకాల్లో చేరుతున్నారు. వాళ్లకు ఇది దగ్గరి దారి. ఇంకొకరు మన మాలీలు. ముప్పయ్యేళ్లు నర్సరీలో అంట్లు కట్టినవాడికి పదో తరగతి పత్రం లేదని తలుపు మూయకండి. చేసిన పనిని చూసి ముందస్తు నైపుణ్యంగా గుర్తించే పద్ధతి మన నైపుణ్యాభివృద్ధి వ్యవస్థలో ఉంది, దాన్ని వాడండి. నైపుణ్య మండలి మాలీ పనికి ప్రమాణం పెట్టింది. మాలీ మొక్కను పెంచుతాడు, శిక్షకుడు మొక్కను పెంచేవాళ్లను తయారుచేస్తాడు. ఆ రెండో పనికి వేరే ప్రమాణం రాయాలి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్, టకోమా ప్రాంతాల్లో 1972లో సరిగ్గా ఈ అవసరమే పడింది. తోట ప్రశ్నలతో పట్టణవాసులు వచ్చి మీద పడుతుంటే విస్తరణ సిబ్బందికి ఊపిరాడలేదు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం స్వచ్ఛంద తోటమాలులకు శిక్షణ ఇచ్చి, నేర్చుకున్నదానికి బదులుగా ఇన్ని గంటలు జనానికి నేర్పాలనే షరతు పెట్టింది. మాస్టర్ గార్డెనర్ పేరుతో అది దేశమంతా పాకింది. ఆ నమూనాను ఇక్కడికి తేవాలని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అంటుంటారు. తేవాల్సిందే, కానీ సగం తేవద్దు. అక్కడ స్వచ్ఛంద సేవకుల వెనక విశ్వవిద్యాలయం జీతమిచ్చే ఉద్యాన నిపుణులున్నారు. ఆ జీతగాడు లేకుండా సేవకుల్ని మాత్రమే పెడితే రెండో ఏటికి వాట్సాప్ గ్రూపు మిగులుతుంది.

జీతం మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఇవాళ నగరంలో నేర్పేవాళ్లు చాలామంది బతకడానికి సామాన్లు అమ్ముతున్నారు. తరగతి ఉచితం, బ్యాగులూ మిశ్రమమూ వాళ్ల దగ్గరే కొనాలి. వాళ్లను తప్పుపట్టలేం, ఇల్లు గడవాలి కదా. కానీ అమ్మేవాడి సలహా అమ్మకం వైపే వాలుతుంది. ‘మీ పాత మట్టే ఎండబెట్టి, కంపోస్టు కలిపి మళ్లీ వాడుకోండి’ అనే మాట అతని నోట రావడం కష్టం. అందుకే ధ్రువపత్రం ఉన్న శిక్షకుడు ఏ సరుకూ అమ్మకూడదని నియమం పెట్టండి. ఆ నియమం పెట్టే హక్కు రావాలంటే జీతం ఇవ్వాలి.

డబ్బెక్కడిది అంటారేమో. తెలంగాణ పురపాలక చట్టం 2019, హైదరాబాద్ నగరపాలక చట్టానికి 2020లో చేసిన సవరణ పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని చెబుతున్నాయి. ఆ సొమ్ము మొక్కలు కొనడానికీ నాటడానికీ పోతోంది. అందులోంచే వార్డుకొక శిక్షకుడి జీతం రావచ్చు. బడుల్లో పోషకాహార తోటలకు కేంద్ర విద్యా శాఖ (అప్పటి మానవ వనరుల అభివృద్ధి శాఖ) 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తోట వేసేది ఎవరో మాత్రం తేలలేదు, ఉపాధ్యాయుల మీదే పడింది. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక ఏటా అవి ఎండుతున్నాయి. శిక్షకుడు ఉంటే బడి తెరిచిన జూన్‌లోనే తోటకూర, గోంగూర విత్తించి, దసరా లోపు కోత అయ్యేలా చూస్తాడు. సెలవులకు ముందే మడులు ఖాళీ చేయించి, ఎండుటాకులు కప్పించి, మునగ, కరివేపాకు లాంటి గట్టి మొక్కల్నే మిగులుస్తాడు. వాటికి వారానికి రెండుసార్లు నీళ్లు పోయడం కాపలాదారుతో కూడా అవుతుంది.

ముందుగా అన్ని వార్డుల్లో పెట్టమని అడగడం లేదు. ఒక ముప్పై మందితో మొదటి జట్టు, పది వార్డులు, ఒక్క ఏడాది. ఏడాది చివర కిట్లు ఎన్ని పంచారని లెక్క తీయొద్దు. మొదటి కాలంలో మొదలుపెట్టిన ఇళ్లలో మూడో కాలానికి ఎన్ని ఇళ్లు ఇంకా విత్తుతున్నాయో లెక్క తీయండి. ప్రశ్నల పుస్తకాలు, కుండీ మోతాదుల పట్టికలు, జబ్బు కుండీల పరీక్ష, వీటి ముసాయిదాలు మా దగ్గర తయారుగా ఉన్నాయి. విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వాటిని దిద్ది ఖాయం చేయాలి. అభ్యర్థుల ఎంపికకు ఏప్రిల్, మిద్దెల పరిశీలనకు మే నెల కావాలి. మృగశిర నాటికి విత్తనం చేతిలో ఉండాలంటే మార్చి చివరికల్లా మీ నిర్ణయం మాకు తెలియాలి. చర్చకు ఏ రోజు పిలిచినా వస్తాం.

ఇట్లు,
నగరంలో ఉద్యాన శిక్షణ ఇస్తున్నవాళ్లం
హైదరాబాద్